పసిబిడ్డ కంటిపాపలో తెల్లని మెరుపు

మీ ఇంట్లో అయిదేళ్ళ లోపు పిల్లలున్నారా? వుంటే ఈ వారం ఒక చిన్న పని చేయండి. సాయంత్రం వేళ, గదిలో వెలుతురు కాస్త మందంగా వున్నప్పుడు, బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని, మీ ముఖంలోకి తిన్నగా చూస్తున్నప్పుడు ఆ కళ్ళను పరీక్షగా గమనించండి. నల్లగుడ్డు నడుమ చిన్న చుక్కలాగా కనిపించేదే కంటిపాప. నిజానికది చుక్క కాదు, కంటి లోపలికి వెలుతురు పోయే కిటికీ. ఆరోగ్యంగా వున్న కంట్లో అది నల్లగా వుంటుంది. ఫ్లాషు వేసి ఫోటో తీస్తే ఎర్రగా మెరుస్తుంది. అలా కాక తెల్లగానో, పసుపు కలిసిన తెలుపుగానో, చీకట్లో పిల్లి కంటి మీద దీపం పడ్డట్టు మెరిసిందంటే ఆ సంగతిని వచ్చే నెలకు వాయిదా వేయకూడదు.

ఈ మెరుపు ఎప్పుడూ కనిపించదు. బిడ్డ ఓ పక్కకు చూసినప్పుడు తళుక్కుమని, మరుక్షణం మాయమవుతుంది. పాలిస్తూ వుండే తల్లికి కనిపిస్తుంది. తండ్రి చూస్తే కనిపించదు, అత్తగారు చూస్తే కనిపించదు. "నీవన్నీ అనుమానాలు" అని తల్లి నోరు మూయిస్తారు. కానీ ఈ జబ్బును మొట్టమొదట కనిపెట్టేది చాలా సందర్భాలలో డాక్టరు కాదు, ఇంట్లోవాళ్ళే. అందులోనూ తల్లే. కాబట్టి తల్లి అనుమానపడిందంటే అది పరీక్షకు చాలినంత కారణం అని నా అభిప్రాయం.

ఆ జబ్బు పేరు రెటినోబ్లాస్టోమా. కంటి లోపల వెనక గోడకు అంటిపెట్టుకుని సినిమా తెరలాంటి పొర ఒకటి వుంటుంది. దాన్ని రెటీనా అంటారు. మనం చూసేదంతా ఆ తెర మీద పడుతుంది. ఆ తెరలో పుట్టే కేన్సరు ఇది. పసిపిల్లలకు కేన్సరా అని ఉలిక్కిపడకండి. ఇది అరుదైన జబ్బు. సుమారు 15 వేల నుంచి 20 వేల మంది పిల్లలు పుడితే ఒకరికి వస్తుంది. కాని మన దేశంలో పుట్టే పిల్లల సంఖ్య ఎక్కువ గనుక ఏటా 1500 మందికి తక్కువ కాకుండా ఈ జబ్బు బారిన పడుతున్నారని అంచనా. నూటికి 95 మందిలో అయిదేళ్ళు నిండకముందే బయటపడుతుంది.

తెల్లని మెరుపు కనిపించిన ప్రతి బిడ్డకూ ఈ జబ్బే వుండాలని లేదు. పుట్టుకతోనే శుక్లం వున్న పిల్లల్లో కంటిపాప తెల్లగా కనిపిస్తుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో వచ్చే రెటీనా జబ్బులోనూ కనిపించవచ్చు. ఒక్కోసారి ఏ జబ్బూ లేకపోయినా, ఫోటో తీసే కోణాన్ని బట్టి లోపలి కంటినరం మీద వెలుతురు పడి తెల్లగా రావడం కద్దు. ఏది ఏమిటో తేల్చవలసింది కంటిపాపను మందుతో పెద్దది చేసి లోపలికి చూసే కంటి డాక్టరే గాని మనం కాదు. ఇంకో మాట. ఈనాటి సెల్‌ఫోన్లలో కళ్ళ ఎర్రదనాన్ని తనంతట తానే తుడిచేసే ఏర్పాటు వుంటోంది. అందుచేత ఫోటోలో అంతా బాగానే వుందని ధీమాగా వుండడానికి వీల్లేదు.

మన ఇళ్ళల్లో ఈ మెరుపుకు చెప్పుకునే అర్థాలు చాలా వున్నాయి. "కంట్లో పువ్వు వేసింది" అంటారు. పువ్వు అనేది కంటి పైపొర మీద పడే తెల్లమచ్చ. ఇది కంటి లోతుల్లోంచి వచ్చే మెరుపు. రెండూ ఒకటి కావు. "పిల్లికళ్ళ పిల్ల" అని ముద్దుచేస్తారు. పిల్లికళ్ళు అంటే నల్లగుడ్డు రంగు తేనెరంగులోనో, ఆకుపచ్చగానో వుండడం. దానివల్ల ఏ హానీ లేదు. కంటిపాప రంగు మారడం వేరు. ఇక మెల్లకన్ను. "మెల్లకన్ను అదృష్టం" అని మురిసిపోయేవాళ్ళు ఇప్పటికీ వున్నారు. పసిబిడ్డకు కొత్తగా మెల్లకన్ను రావడం ఈ జబ్బుకు రెండో పెద్ద గుర్తు. గడ్డ వల్ల చూపు తగ్గిన కన్ను పక్కకు తిరుగుతుందన్నమాట. చూపు బాగానే వున్నప్పటికీ మెల్లకన్నుకు చిన్నతనంలోనే వైద్యం చేయించాలి గనుక, ఎలా చూసినా డాక్టరు దగ్గరికి వెళ్ళడమే లాభం.

అంతవరకూ ఏం చేస్తారు? నందివర్ధనం పూలు కళ్ళమీద పెడతారు, చనుబాలు పిండుతారు, ఆకు పసరు పోస్తారు. నందివర్ధనం పూలు చల్లగా వుంటాయి, అంతే. పసర్లు మాత్రం కన్ను పాడుచేస్తాయి. అసలు నష్టం వాటివల్ల పోయే మూడు నాలుగు నెలల కాలం. ఈ జబ్బులో నెల అంటే చిన్న మాట కాదు.

తలుపుకు రెండు గడియలు

ఇంతకూ పాలు తాగే బిడ్డకు కేన్సరు ఎలా వస్తుంది? వాడు బీడీ కాల్చలేదు, సారా తాగలేదు. ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోయిన శాస్త్రజ్ఞులకు ఒక పెద్ద నిధి దొరికింది. ఈ చిన్నపిల్లల కంటి జబ్బు పుణ్యమా అనే పెద్దవాళ్ళ కేన్సర్లలోని ఒక గుట్టు కూడా బయటపడింది.

మన శరీరం కోట్లాది కణాలతో కట్టిన ఇల్లు. అవసరమైనప్పుడు ఒక కణం రెండవుతుంది. గాయం మానాలన్నా, బిడ్డ ఎదగాలన్నా ఇది జరగాలి. కాని అవసరం తీరగానే ఆగాలి. ఆపడానికి ప్రతి కణంలోనూ కొన్ని కట్టుబాట్లున్నాయి. వాటిలో ముఖ్యమైనదాన్ని తయారుచేసే జన్యువు మన 13వ క్రోమోజోము మీద వుంది. ఈ కంటి జబ్బు పేరుమీదనే దాన్ని ఆర్‌బి జన్యువు అంటున్నారు. గడ్డలు పుట్టకుండా అణచివుంచే జన్యువులలో మొట్టమొదట చేతికి చిక్కింది ఇదే. 1986లో అమెరికాలోని బోస్టన్ నగర శాస్త్రజ్ఞులు దాన్ని వేరుచేసి చూపారు.

మన పాతకాలపు ఇళ్ళ వీధి తలుపును గుర్తుచేసుకోండి. పైన ఒక గడియ, కింద ఒక గడియ. కణం విభజన పొందడానికి దాటవలసిన తలుపు ఒకటుంటే, దానికి ఆర్‌బి జన్యువు తయారుచేసే ప్రొటీనే గడియ. శరీరం "విభజించు" అని కబురు పంపినప్పుడు గడియ తొలగుతుంది, పని కాగానే మళ్ళీ పడుతుంది. ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులుగా వస్తుంది - తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. అందుకే గడియలు రెండు. ఒకటి ఊడిపోయినా రెండోది తలుపును ఆపుతుంది. రెండూ ఊడితేనే తలుపు బార్లా తెరుచుకుంటుంది. ఇక ఆ కణం రెండై, నాలుగై, ఎనిమిదై, ఆపేవాడు లేక గడ్డ అవుతుంది.

బోస్టన్ శాస్త్రజ్ఞుల చేతికి జన్యువు రావడానికి పదిహేనేళ్ళ ముందే, 1971లో, ఇదంతా కాగితం మీద లెక్క కట్టి చెప్పినవాడు ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ అనే అమెరికన్ డాక్టరు. ఆయన సూక్ష్మదర్శిని ముందు కూర్చోలేదు. హూస్టన్‌లోని ఒక కేన్సరు ఆసుపత్రిలో వైద్యం పొందిన 48 మంది పిల్లల రికార్డులు ముందేసుకుని కూర్చున్నాడు. రెండు కళ్ళకూ జబ్బు వచ్చిన పిల్లలకు అది చాలా త్వరగా, ఏడాది లోపో, ఏడాదికి అటూఇటూగానో వస్తోంది. ఒక్కో కంట్లో రెండు మూడు గడ్డలుంటున్నాయి. ఒక్క కంటికే వచ్చిన పిల్లలకు అది ఆలస్యంగా, రెండేళ్ళ ప్రాంతంలో వస్తోంది. గడ్డ ఒక్కటే వుంటోంది. ఎందుకీ తేడా?

నడ్సన్ చెప్పిన సమాధానం ఇది. మొదటి రకం పిల్లలు పుట్టడమే ఒక గడియ లేకుండా పుడతారు. కంట్లోనే కాదు, ఒంట్లో ప్రతి కణంలోనూ ఒకే గడియ. ఎదిగే రెటీనాలో కణాలు లక్షలకొద్దీ వుంటాయి. అన్ని లక్షల తలుపుల్లో ఎక్కడో ఒకచోట, కాదు నాలుగైదు చోట్ల, మిగిలిన ఒక్క గడియా ఊడిపోవడానికి పెద్ద కాలం పట్టదు. అందుకే త్వరగా వస్తుంది, రెండు కళ్ళకూ వస్తుంది. రెండో రకం పిల్లలు రెండు గడియలతోనే పుట్టారు. పాపం, వాళ్ళ కంట్లో ఏదో ఒక్క కణంలో మొదట ఒకటి, తరువాత రెండోది ఊడిపోయాయి. ఒకే తలుపుకు రెండూ ఊడడం అరుదైన దురదృష్టం గనుక ఒక్క కంట్లో, ఒక్క గడ్డ. రెటీనా కణాలు ఎదగడం ఆగిపోయాక ఈ ముప్పు దాదాపు తప్పిపోతుంది. అయిదేళ్ళు దాటిన పిల్లల్లో ఈ జబ్బు అపురూపం కావడానికి కారణం అదే.

ఇంత పెద్ద సత్యాన్ని నలభై ఎనిమిది పేషంట్ల రికార్డుల్లోంచి లాగడం నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యంగానే వుంటుంది. నడ్సన్ 2016లో కన్నుమూశారు. తన ఊహ నిజమని తేలడం కళ్ళారా చూసి మరీ వెళ్ళారు.

తల్లిని ఆడిపోసుకోకండి

బిడ్డకు ఇలాంటి జబ్బు అనగానే మన ఇళ్ళల్లో మొదట దొరికేది కోడలు. గ్రహణం నాడు కత్తిపీట పట్టుకుందనీ, కడుపుతో వుండగా ఏదో తినకూడనిది తిన్నదనీ అంటారు. ఇవేవీ కారణాలు కావు. గ్రహణానికీ ఈ జన్యువుకూ ఏ సంబంధమూ లేదు.

జబ్బు వచ్చిన పిల్లల్లో నూటికి 40 మందికి మాత్రమే పుట్టుకతో ఒక గడియ వుండదు. ఈ 40 మందిలో కూడా తల్లికో తండ్రికో జబ్బు వున్నవాళ్ళు తక్కువ. చాలామందిలో ఆ లోపం కుటుంబంలో మొట్టమొదటిసారిగా ఆ బిడ్డతోనే మొదలవుతుంది. అలా కొత్తగా వచ్చే లోపాల్లో ఎక్కువ భాగం తండ్రి నుంచి వచ్చిన ప్రతిలోనే కనిపిస్తున్నాయని పరీక్షలు తేల్చాయి. ఇది విని తండ్రులను నిందించమని కాదు. పురుషబీజాలు తయారయ్యేటప్పుడు కోట్లకొద్దీ ప్రతులు రాయవలసి వస్తుంది. రాతలో తప్పు దొర్లడం ఎవరి పాపమూ కాదు.

"మేనరికం చేసుకున్నాం, అందుకే వచ్చిందా?" అని అడిగేవాళ్ళు చాలామంది. దగ్గర సంబంధాల వల్ల పిల్లలకు వచ్చే జబ్బులు కొన్ని వున్న మాట నిజమే. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపం వున్న ప్రతులే వస్తే గాని బయటపడని జబ్బులవి. ఒకే తాతకు మనుమలైన వాళ్ళలో అలా జరిగే అవకాశం ఎక్కువ. రెటినోబ్లాస్టోమా ఆ జాతి జబ్బు కాదు. ఇందులో ఒక్క ప్రతి లోపంతో పుట్టినా చాలు, ముప్పు వుంటుంది. అందుచేత దీనికి మేనరికాన్ని కారణం చేయడానికి లేదు. ఇది ఒకరినుంచి ఒకరికి అంటుకునే జబ్బూ కాదు. పక్కింటి పిల్లలతో ఆడుకోనివ్వండి.

అయితే చిన్నప్పుడు ఈ జబ్బు వచ్చి బతికి బట్టకట్టినవాళ్ళ పిల్లల సంగతి వేరు. 1872లో బ్రెజిల్ దేశంలో గువేయా అనే కంటి డాక్టరు ఒక అబ్బాయికి జబ్బు వున్న కన్ను తీసేసి ప్రాణం కాపాడాడు. ఆ అబ్బాయి పెద్దవాడై పెళ్ళి చేసుకున్నాడు. పుట్టిన పిల్లల్లో ఇద్దరు కూతుళ్ళకు రెండు కళ్ళలోనూ అదే జబ్బు! అంతకుముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు పెళ్ళి వయసు దాకా బతికేవారే కాదు గనుక, ఇది వంశంలో దిగుతుందన్న సంగతి లోకానికి తెలియలేదు. వైద్యం గెలిచిన తరువాతే తెలిసింది. పుట్టుకతో ఒక గడియ లేనివాళ్ళకు పుట్టే ప్రతి బిడ్డకూ ఆ లోపం రావడానికి సగానికి సగం అవకాశం వుంది. రెండు కళ్ళకూ జబ్బు వచ్చినవాళ్ళంతా ఈ జాబితాలోనివాళ్ళే. ఒక్క కంటికే వచ్చినవాళ్ళలో నూటికి 15 మంది దాకా వుంటారు. వీళ్ళు తమ బిడ్డ పుట్టగానే, బారసాల కాకముందే, కంటి డాక్టరుకు చూపించాలి. చూపు మొదలుకాకముందే గడ్డ చిన్న ఆవగింజంత వున్నప్పుడే లేజరుతో కాల్చేస్తే ఆ కన్నూ, చూపూ దక్కుతాయి.

కన్ను తీసేయాలంటే

ఇక్కడ కాస్త మనసు దిటవు చేసుకుని చదవండి. ఈ జబ్బులో పిల్లలు చనిపోయేది చాలామటుకు వైద్యం లేక కాదు. "కన్ను తీసేయాలి" అని డాక్టరు చెప్పిన రోజున బిడ్డను ఎత్తుకుని ఇంటికి వెళ్ళిపోయి, మళ్ళీ రాకపోవడం వల్ల.

తల్లిదండ్రులను తప్పు పట్టలేం. బిడ్డ ఆడుతూ పాడుతూ వుంటాడు. నొప్పి లేదు, జ్వరం లేదు. కన్ను పైకి చక్కగానే వుంది. అలాంటి కన్ను తీసేయమంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? అందులో ఆడపిల్ల అయితే "రేపు పెళ్ళెలా అవుతుంది?" అనే బెంగ. తాతగారు వేరే ఊళ్ళో మందు ఇచ్చేవాడున్నాడంటారు. ఆరు నెలలు తిరిగేసరికి కన్ను ఎర్రబడి, ఉబ్బి ముందుకు పొడుచుకు వస్తుంది. అప్పటికి గడ్డ కంటినరం వెంట మెదడు వైపు బయలుదేరి వుంటుంది. అప్పుడు మళ్ళీ అదే ఆసుపత్రికి పరుగెత్తుకొస్తారు. కన్ను ఎలాగూ దక్కదు, ఈసారి ప్రాణం కూడా చేతిలో వుండదు.

గడ్డ కంటి లోపలే వుండగా వైద్యం జరిగితే నూటికి 95 మందికి పైగా పిల్లలు బతుకుతున్నారు. కేన్సర్లలో ఇంతకంటె నమ్మకంగా నయమయ్యేవి కొద్దే. ఈ అంకె, ఆ ఆరు నెలల ఆలస్యం - ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని ఇంటిల్లిపాదీ ఒకసారి ఆలోచించండి.

పైగా ప్రతి బిడ్డకూ కన్ను తీయరు. చిన్న గడ్డలను లేజరుతో కాలుస్తారు, లేదా బాగా చల్లబరిచి చంపుతారు. కొంచెం పెద్దవైతే మొదట కీమోథెరపీ మందులు సెలైనులో ఎక్కించి గడ్డను కుదించి, ఆ పైన లేజరు వాడతారు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, మందును సరాసరి కంటికి వెళ్ళే రక్తనాళంలో వదిలే పద్ధతి కూడా ఇప్పుడు కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో వుంది. మొత్తం కన్ను గడ్డతో నిండిపోయి, చూపు వచ్చే ఆశ లేనప్పుడు, గడ్డ కన్ను దాటే ప్రమాదం వున్నప్పుడు మాత్రమే తీసేయడం. రెండు కళ్ళకూ జబ్బున్న బిడ్డకు ఎక్కువ పాడైన కన్ను తీసి, రెండోదాన్ని కాపాడడమూ వుంటుంది.

తీసేసిన చోట లోపల గోళీలాంటిది అమర్చుతారు. గాయం మానాక, కొద్ది వారాలకు, రెండో కంటికి సరిపోయే రంగులో కృత్రిమ కన్ను పెడతారు. బాగా అమరితే బడిలో పక్కన కూర్చున్న పిల్లలకు కూడా తెలియదు. ఒక్క కంటితో బిడ్డ చదువుకుంటుంది, పరుగెత్తుతుంది, పెద్దయ్యాక ఉద్యోగం చేస్తుంది. మిగిలిన కంటికి దెబ్బ తగలకుండా పగలని అద్దాల కళ్ళజోడు మాత్రం ఎప్పుడూ వుండాలి. పెళ్ళి సంగతి అంటారా? పిల్ల బతికి వుంటే కదా ఆ బెంగ!

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కంటి కేన్సర్లకు ప్రత్యేక విభాగం వుంది. చెన్నైలో శంకర నేత్రాలయ, ఢిల్లీలో ఎయిమ్స్ వున్నాయి. ఖర్చుకు భయపడి ఆగిపోకండి. ఆసుపత్రికి వెళ్ళగానే ప్రభుత్వ ఆరోగ్య పథకాల గురించీ, ఉచిత వైద్యం గురించీ అడగండి. అడగడానికి నామోషీ పడవద్దు.

ఒక హెచ్చరిక. వేరే గడ్డల్లాగా ఇందులో సూదితో ముక్క తీసి పరీక్షకు పంపరు. సూది గుచ్చిన దారిలో కేన్సరు కణాలు బయటికి పాకవచ్చు. కంటిలోపల చూసి, స్కానింగు చేసి జబ్బును పోల్చుకుంటారు. "ముక్క పరీక్ష చేయకుండానే కేన్సరంటారేమిటి?" అని అనుమానపడకండి.

కన్ను బాగయ్యాక

పుట్టుకతో ఒక గడియ లేని బిడ్డకు ఒంట్లో ప్రతి కణంలోనూ అదే లోపం వుంటుందన్నాను కదా. కంటి గండం గడిచినా, పెరిగే వయసులో ఎముకలో గడ్డ రావడానికి వీళ్ళకు మిగతా పిల్లలకంటె ఎక్కువ అవకాశం వుంది. పదేళ్ళు దాటిన పిల్లవాడు మోకాలి దగ్గర నొప్పి అంటూ వుంటే, వాపు కనిపిస్తే, ఆటలో దెబ్బ తగిలిందనుకుని నాటు కట్టు కట్టించి ఊరుకోకూడదు. నొప్పి పోకపోతే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళి, చిన్నప్పటి కంటి జబ్బు సంగతి ముందుగా చెప్పాలి. ఆ మాట చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది?

ఒకప్పుడు ఈ పిల్లల కంటికి బయటినుంచి రేడియేషను ఇచ్చేవారు. గడ్డ కరిగేది. కాని కొన్నేళ్ళ తరువాత ఆ కిరణాలు తగిలిన చోటనే, కణతల దగ్గరా ముఖంలోనూ, కొత్త కేన్సర్లు వచ్చాయి. ఒక్క గడియ మీద నిలబడిన తలుపులకు అది గట్టి తాపు అయింది. అందువల్ల ఇప్పుడు ఆ పద్ధతిని చాలామటుకు మానుకున్నారు. సి.టి. స్కానులను కూడా వీళ్ళకు వీలైనంతవరకు తప్పించి, కిరణాలు లేని ఎమ్మారై చేస్తారు. వీళ్ళు పెద్దయ్యాక పొగాకు జోలికి పోనే కూడదు.

పొగాకు మాట వచ్చింది గనుక చెబుతున్నాను. ఈ గడియ పసిపిల్లల కంటికే పరిమితం కాదు. పొగతాగేవాళ్ళకు ఊపిరితిత్తుల్లో వచ్చే కేన్సర్లలో చిన్నకణాల రకం అని ఒకటుంది. మహా వేగంగా పాకే జబ్బు అది. ఆ గడ్డలను పరీక్షిస్తే దాదాపు అన్నింటిలోనూ ఆర్‌బి గడియలు రెండూ ఊడిపోయి వుంటున్నాయి. వాళ్ళు రెండు గడియలతోనే పుట్టారు. ఏళ్ళ తరబడి పొగతో కొట్టీ కొట్టీ ఊడగొట్టుకున్నారు.

స్త్రీలకు వచ్చే గర్భాశయ ముఖద్వారపు కేన్సరులో కథ ఇంకో రకం. ఆ జబ్బుకు మూలం హెచ్.పి.వి. అనే వైరస్. అది జన్యువును ముట్టుకోదు. తాను తయారుచేసే ఇ-7 అనే ప్రొటీనుతో గడియను పట్టి పక్కకు లాగుతుంది. గడియలు రెండూ నిక్షేపంగా వున్నా, దొంగ లోపలే కూర్చుని వాటిని తీసిపట్టుకున్నాడన్నమాట. అయితే ఈ దొంగను వీధిలోనే ఆపే టీకా వుంది. ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ళ మధ్య వేయిస్తే మంచి రక్షణ. మన దేశంలో తయారైన టీకా కూడా 2023లో వచ్చింది. కంటి జబ్బుల వ్యాసంలో ఈ మాటేమిటనుకోకండి. మీ ఇంట్లో ఆ వయసు ఆడపిల్ల వుంటే ఇదీ మీ కోసమే.

రొమ్ము కేన్సరుకు ఇప్పుడు వాడుతున్న పాల్బోసిక్లిబ్ వంటి మాత్రల పని కూడా ఈ గడియను తీయనివ్వకుండా అదిమిపట్టడమే. 2015 నుంచి ఇవి వాడుకలోకి వచ్చాయి. గడియే లేని గడ్డల మీద వీటి పని జరగదు. లేని గడియను ఎవరు అదిమిపట్టగలరు?

ఒక బిడ్డకు జబ్బు వచ్చింది, మళ్ళీ కనవచ్చునా?

ఇది భార్యాభర్తలు డాక్టరును అడగడానికి మొహమాటపడే ప్రశ్న. కనవచ్చు. కాని ముందు రెండు పనులున్నాయి. జబ్బు వచ్చిన బిడ్డ రక్తం తీసి ఆర్‌బి జన్యువును పరీక్ష చేయించాలి. తీసేసిన కంటి గడ్డను కూడా దాచివుంచి పరీక్షకు వాడతారు గనుక ఆపరేషనుకు ముందే ఈ సంగతి డాక్టరుతో మాట్లాడుకోవడం మంచిది. లోపం ఎక్కడుందో దొరికితే, తల్లిదండ్రులిద్దరికీ అదే పరీక్ష. రెండో పని, భార్యాభర్తలిద్దరూ తమ కళ్ళ లోపల కూడా చూపించుకోవడం. చిన్నప్పుడే గడ్డ పుట్టి, దానంతట అదే ఆగిపోయి, మచ్చగా మిగిలినవాళ్ళు అక్కడక్కడా వున్నారు. తమకు జబ్బు వచ్చిపోయిందని వాళ్ళకే తెలియదు.

ఈ పరీక్షల వల్ల పెద్ద లాభం మిగిలిన పిల్లలకు. బిడ్డలో దొరికిన లోపం అక్కకో తమ్ముడికో లేదని తేలిందనుకోండి, వాళ్ళను పదే పదే మత్తు ఇచ్చి పరీక్షించే బాధ తప్పుతుంది. వుందని తేలినా, పరీక్ష చేయించుకోకపోయినా, డాక్టరు చెప్పిన గడువుల ప్రకారం చూపిస్తూ వుండాలి. మొదటి నెలల్లో ఇది కొద్ది వారాలకొకసారి, తరువాత గడువు పెరుగుతూ పోతుంది. చిన్నపిల్లలు కదలకుండా వుండరు గనుక మత్తు ఇచ్చి చూస్తారు. ఆ రోజు ఎన్ని గంటల నుంచి పాలు, నీళ్ళు మాన్పించాలో ముందురోజే అడిగి రాసుకోండి. బిడ్డ ఏడుస్తోందని దారిలో బిస్కత్తు పెడితే ఆ రోజు పరీక్ష కాస్తా వాయిదా పడుతుంది. కంట్లో మెరుపు కనిపించిన ఫోటోలుంటే వాటినీ తీసుకువెళ్ళండి. ఏ నెలలో తీసినవో తెలిస్తే డాక్టరుకు ఉపయోగపడుతుంది.